ముగిసిన పులిజూదం ఆటకు కంప్యూటర్‌తో మళ్లీ తీర్పు చెప్పించవచ్చా?

వంశధార (గుణుపురం): పర్లాకిమిడిలో మొన్న సంక్రాంతికి పెట్టిన పోటీ ఫైనల్ ఫొటోను మా తమ్ముడు రాసిన ప్రోగ్రామ్‌లో వేసి చూశాం. మూడు పులులూ మొదట పెట్టిన చోటే ఉన్నాయి, ఒకటి పటం పై కొన మీద, రెండు మొదటి వరస మధ్యలో. పులులు కదిలే చోటు లేక కట్టుబడిపోయాయని మేకల పక్షానికి కప్పు ఇచ్చేశారు. కానీ రెండో వరసలో, కొన నుంచి దిగే గీతల్లో ఎడమ చివరి గీత మీద చుక్క ఖాళీగా ఉంది. కొన మీది పులి కిందనున్న మేకను దాటి అక్కడికి దూకొచ్చు. ఫలితం మార్చాలి.

పాతకాపు (పర్లాకిమిడి): చేతులెత్తేశాక ఆట అయిపోయినట్టే. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

మహేంద్రతనయ: ఫొటో తీసేటప్పటికి వంతు ఎవరిది? మేకలదైతే పక్క మేకను ఆ చుక్కలోకి జరిపి కట్టేస్తారు.

వంశధార: చేతులెత్తేసింది పులులు, కాబట్టి వంతు పులులదే. మన ఆట లాంటిదే, నేపాల్ వాళ్ల పులీ మేకల ఆట బాఘ్‌చాల్‌ను లిమ్, నీవెర్గెల్ట్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో తేల్చేశారు. మేకలన్నీ దిగాక వచ్చే స్థితులను ఆట ముగిసే చోటు నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వచ్చారు. ఇరుపక్షాలూ తప్పు చేయకపోతే డ్రా అని తేలింది. అంత లెక్క చేసిన యంత్రానికి ఒక్క ఖాళీ చుక్క కనిపించదా?

పాతకాపు: అక్కడ 4 పులులు, 20 మేకలు, 25 చుక్కలు. మనకు 3, 15, 23. ఆ లెక్క మనకెందుకు? బరంపురంలో ఒక కుర్రాడు ఫోన్ చూసి నేను గెలిచిన ఆట చెల్లదన్నాడు. వాడి ఫోన్‌లోని పటంలో ఒక గీతే లేదు! నలుగురిలో నా పరువు పోయింది. ఎవరూ నా తరఫున నోరెత్తలేదు.

మహేంద్రతనయ: వంతు ఎవరిదో ఫొటో చెప్పదు. ఎత్తులు రాసిన కాగితం ఉందా?

మజ్జిగౌరి: మా రాయగడలో అయిదు మేకలు చస్తే పులులదే గెలుపు. అక్కడెలా?

వంశధార: పాతకాపు గారూ, మీ పరువు గొడవకు ఈ ఆటకు సంబంధం ఏంటి? ఖాళీ చుక్క ఉందా లేదా, అది చెప్పండి.

నాగావళి: ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. పులులు ఆడింది మా అమ్మాయి. ఆ దూకే ఎత్తు అది చూసింది. పులి మీద వేలు కూడా పెట్టింది. చుట్టూ నిలబడ్డ పెద్దాళ్లు "అయిపోయింది లేమ్మా, ఇక లే" అంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. కంప్యూటర్ గురించి కాదండీ గొడవ. ఆడుతున్నది ఎవరు, మాట్లాడుతున్నది ఎవరు?

పాతకాపు: అరుగు మీద ఆటంటే పక్కవాళ్లు మాట్లాడతారమ్మా. నోళ్లు కట్టేస్తే చూడ్డానికి ఎవరూ రారు, ఆటే మిగలదు.

వంశధార: కప్పు పెట్టి, పేర్లు రాసుకుని ఆడించాక అది అరుగు ఆట కాదు.

నాగావళి: కప్పు మాకొద్దు. పటం మళ్లీ పరిచి అక్కడి నుంచే ఆడించండి. మేకలాడిన అబ్బాయి సరేనన్నాడు.

మహేంద్రతనయ: వంతు పులులదేనని ఒప్పుకున్నాడా?

నాగావళి: ఒప్పుకున్నాడు.