‘ఎన్‌కౌంటర్ చేశారు’ అనొచ్చా?

ప్రశ్న: పేపర్లో ‘ఎన్‌కౌంటర్‌లో మృతి’ అని రాస్తారు. మాటల్లో మాత్రం ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అంటాం. ఇది తప్పు ప్రయోగమా? ‘ఎదురుకాల్పులు’ అంటే సరిపోదా?

జవాబు: తప్పేం లేదండీ. ఫోన్ చేశారు, అరెస్ట్ చేశారు లాంటిదే. కానీ ‘ఎదురుకాల్పులు’ దానికి సమానం కాదు. ఎదురుకాల్పులు జరుగుతాయి, రెండు వైపులా తుపాకులు పేలాలి. ‘ఎన్‌కౌంటర్ చేశారు’లో కర్త పోలీసు, చచ్చినవాడు కర్మ. పోలీసుల ప్రకటనలో లేని సంగతి జనం వాడే క్రియలో ఉంది.

2015 ఏప్రిల్ మొదటి వారమే తీసుకోండి. సూర్యాపేట బస్టాండులో పోలీసుల్ని కాల్చి చంపి పారిపోయిన ఇద్దరు 4న జానకీపురంలో దొరికారు. అక్కడ వాళ్లిద్దరితో పాటు ఒక కానిస్టేబులూ చనిపోయాడు. గాయపడిన ఎస్సై తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. అవి నిఖార్సైన ఎదురుకాల్పులు. అక్కడ పోలీసులు కాల్చడాన్ని ఎవరు తప్పుపడతారు? 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర వ్యాన్‌లోనే చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారట. ఫొటోల్లో చేతులకు బేడీలున్నాయి. అదే రోజు శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలు. మూడు చోట్లకీ ఒకటే మాట, ఎన్‌కౌంటర్.

ఇంకొకరు: మాట గురించి అడిగితే పోలీసుల్ని బోనెక్కించారేంటి సార్? 2019లో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్నీ చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. కేసులు ఏళ్లకేళ్లు సాగుతుంటే ఆడపిల్లల్ని కన్నవాళ్లు ఏం చేయాలి?

జవాబు: ఆ కోపం నిజమే, కోర్టుల ఆలస్యమూ నిజమే. కానీ ‘ఎన్‌కౌంటర్ చేసేయండి’ అని జనం అంతకుముందే అడిగారు. ఆత్మరక్షణ కోసం కాల్చమని ముందుగానే ఎవరైనా అడుగుతారా? అడిగారంటే వాళ్లకు కావలసింది శిక్ష. 2024 దాకా అమల్లో ఉన్న ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో) ఎన్‌కౌంటర్ అన్న మాటే లేదు. దాని 100వ సెక్షన్ ఇచ్చిన ఆత్మరక్షణ హక్కు పోలీసుకైనా మీకూ నాకైనా ఒకటే. చటాన్‌పల్లి కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది: చంపాలనే కాల్చారు, నలుగురిలో ముగ్గురు మైనర్లు, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలి. పూలు చల్లిన రోజున ఆ ముగ్గురి వయసు ఎవరూ అడగలేదు.

మరొకరు: ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అని ఉందిగా, అది వాడొచ్చు.

జవాబు: అది ఆరోపణ అండీ. తేలకముందే వార్తలో వాడితే అదీ తీర్పు చెప్పినట్టే. ‘పోలీసు కాల్పుల్లో మృతి’ అని రాస్తే చాలు, అందులో అబద్ధం లేదు. ఎదురుకాల్పులా కాదా అన్నది, 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, సీఐడీయో వేరే స్టేషన్ వాళ్లో దర్యాప్తు చేసి, మేజిస్ట్రేట్ విచారణ కూడా అయ్యాక తేలాలి. రాత్రి పదకొండింటికి పేజీ వదిలే తొందరలో ఉన్న సబ్‌ఎడిటర్ తేల్చేది కాదు.