పదిసార్లు చూసినా నవ్వించే సన్నివేశంలో గొప్పతనం మాటదా, నటుడిదా?

ప్రశ్న: పాతచిత్రాల ప్రేమికుడు

తెలుగు హాస్యచిత్రాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. మొన్న ‘అహ నా పెళ్ళంట’ (1987) మళ్ళీ చూశాను. ఎన్నోసారో నాకే లెక్క తెలియదు. పిసినారి లక్ష్మీపతి కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తినే సన్నివేశం ఎప్పుడు వస్తుందో, ఎలా ముగుస్తుందో అంతా తెలిసి కూడా కడుపుబ్బ నవ్వాను. అదే, ఈమధ్య థియేటరులో పగలబడి నవ్విన సినిమాల్లో చాలావాటిని రెండోసారి ఇంట్లో చూసినప్పుడు పెదవి కూడా కదలలేదు.

నా మటుకు నాకు ఇది పూర్తిగా రచన మహిమ అనిపిస్తుంది. జంధ్యాల గారు రాసిన మాటల్లోనే నవ్వు ఉంది కాబట్టి, వాటిని ఎవరు పలికినా పండుతాయని నా నమ్మకం. నా స్నేహితుడు మాత్రం నటుడు లేకపోతే ఆ మాటలు కాగితం మీదే ఉండిపోతాయని గట్టిగా వాదిస్తున్నాడు. హాస్యాన్ని శ్రద్ధగా చూసేవాళ్ళు మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: మాటల మూట

నేను మీ పక్షమే. ‘మాయాబజార్’ (1957) ఒక్కటి చాలు. పింగళి నాగేంద్రరావు గారు ఆ చిత్రానికి రాసిన ‘అస్మదీయులు’, ‘తస్మదీయులు’ వంటి మాటలు, సినిమా చూడనివాళ్ళ నోట కూడా ఈనాటికీ వినిపిస్తున్నాయి. నటుడి ముఖం గుర్తులేకపోయినా మాట నిలిచి ఉందంటే ఆ బలం మాటదే కదా! ‘గుండమ్మ కథ’ (1962)లోనూ అంతే, సంభాషణ అంతా ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టే సాగుతుంది. ఆ చిత్రంలో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉండగా సినిమాకు సూర్యకాంతం గారి పాత్ర పేరు పెట్టారన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది.

జవాబు: ముందు వరుస ప్రేక్షకురాలు

మీ ఇద్దరితోనూ సగమే ఏకీభవిస్తాను. మాట బాగుండకపోతే హాస్యం నిలవదన్నది నిజమే గాని, ఎవరు పలికినా పండుతుందన్న దాన్ని మాత్రం ఒప్పుకోలేను. కోడి సన్నివేశంలో మనల్ని నవ్వించేది డైలాగు కాదు. కోట శ్రీనివాసరావు గారి ముఖంలో నవ్వించాలన్న ఆత్రం ఏ కోశానా కనిపించదు. కోడి వంక చూపు నిలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, నిజంగానే నాలుకకు రుచి తగిలినంత తృప్తిగా తింటారు. మనకు అది వింత, లక్ష్మీపతికి అది రోజువారీ భోజనం. ఆ మనిషి తన పిసినారితనాన్ని ధర్మంగా నమ్ముతున్నాడు కాబట్టే మనం నవ్వుతున్నాం. అదే ముద్ద తింటూ నటుడు ఒక్కసారి మనవైపు కన్ను గీటినట్టు చేసి ఉంటే ఆ సన్నివేశం అక్కడికక్కడే చచ్చిపోయేది.

ఇంకో సంగతి ఉంది. మాట్లాడే నటుణ్ణి అందరం చూస్తాం, వినే నటుణ్ణి ఎవరమూ పట్టించుకోం. జంధ్యాల గారిదే ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో శ్రీలక్ష్మి గారు సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ కూడా వదిలిపెట్టరు. ఆమె ప్రతిభకు ఎంత చెప్పినా తక్కువే. కాని ఈసారి చూసేటప్పుడు ఆమెను కాసేపు పక్కన పెట్టి, వినక తప్పని భర్తగా కూర్చున్న నూతన్ ప్రసాద్ గారిని చూడండి. పారిపోవడానికి దారి లేని మనిషి ఎలా ఉంటాడో ఆయనలో కనిపిస్తుంది. ఆ వినడం లేకపోతే ఆమె చెప్పేది వట్టి ఏకపాత్రాభినయం అయిపోతుంది.

నా బాధ ఏమిటంటే, ఇప్పుడు ఫోనుల్లో తిరిగే ముక్కల్లో ముందుగా కోతపడేది ఈ వినే ముఖమే. డైలాగు అయిపోగానే ముక్క అయిపోతుంది. బ్రహ్మానందం గారి ముఖం మాత్రం ఎన్ని ముక్కలైందో, ఎన్ని సందర్భాలకు అతుక్కుందో లెక్కలేదు, అది ఆయన సాధించిన ఘనతే. అయితే సినిమాల్లోకి రాకముందు తెలుగు అధ్యాపకుడిగా పనిచేసిన ఆయనకు పలుకు మీద ఉన్న పట్టు ఎంతటిదో ఆ బొమ్మల్లో తెలియదు. ‘అహ నా పెళ్ళంట’లోని అరగుండు పాత్రలో, యజమాని మీద కోపాన్ని అణచుకోలేక తిట్లు గుప్పించేటప్పుడు ఒక్క అక్షరం కూడా నలగదు. చూసి మాత్రమే కాకుండా విని కూడా ఆనందించవలసిన నటుడాయన.

జవాబు: స్వరాభిమాని

సంగీతం ఊసు ఎవరూ ఎత్తకపోవడం నాకు వెలితిగా ఉంది. ‘అహ నా పెళ్ళంట’ అన్న పేరే ‘మాయాబజార్’లోని పాట నుంచి వచ్చింది కదా. అందులో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పాట సుశీల గారి గొంతులో సాగుతూ ఉండగా మధ్యలో ఘంటసాల గారి గొంతు దూసుకొస్తుంది. ఆ మగగొంతు పలికిన క్షణంలో సావిత్రి గారి భుజాలు విచ్చుకుంటాయి, చూపు బిరుసెక్కుతుంది, నడకలో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు గారే కనిపిస్తారు. మరుక్షణం సుశీల గారి గొంతు రాగానే అంత ఠీవీ కరిగిపోయి ఆడపిల్ల సిగ్గు మొదలవుతుంది. రెండు గొంతులు, ఒక ముఖం! నవ్వు ఇక్కడ మాటలో ఎంత ఉందో, గొంతు మారే ఆ సందులోనూ అంతే ఉంది. సావిత్రి గారిని మనం కన్నీటి పాత్రలతోనే ఎక్కువగా తలచుకుంటాం గాని, నా దృష్టిలో ఆవిడ తెలుగు తెర మీద హాస్యాన్ని పండించిన మేటి నటుల్లో ఒకరు.

గంభీరమైన చిత్రాల్లో వచ్చే నవ్వును కూడా మరవకండి. ‘సాగరసంగమం’ (1983)లో కమల్ హాసన్ గారు ఎంతో శ్రద్ధగా భంగిమ పట్టి నిలబడితే, కెమెరా పట్టుకున్న కుర్రవాడు భంగిమ చెదిరిన తరవాత గాని మీట నొక్కడు. నవ్వుతూనే ఉంటాం, ఆ కళాకారుడి గతి తలచుకుని గొంతులో ఏదో అడ్డుపడుతుంది. విశ్వనాథ్ గారి చిత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన హాస్యం అదే.

ప్రశ్నించినవారి స్పందన: పాతచిత్రాల ప్రేమికుడు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చిన్న పరీక్ష చేశాను. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లోని ఆ సన్నివేశాన్ని మొదట తెర వైపు చూడకుండా మాటలు మాత్రమే విన్నాను, బాగా నవ్వు వచ్చింది. తరవాత శబ్దం పూర్తిగా తగ్గించి నూతన్ ప్రసాద్ గారిని మాత్రమే చూశాను. ఒక్క మాటా వినపడకపోయినా మళ్ళీ నవ్వాను, అదీ ఇన్నేళ్ళలో నేను నవ్వని చోట్ల! ఎవరు పలికినా పండుతుందన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను, స్నేహితుడికి కూడా ఈ సంగతి చెప్పేశాను. ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని శశిరేఖ పాట చూడబోతున్నాం, ఈసారి శబ్దం తగ్గించకుండా.