కొత్త ఉద్యోగంలో డిజెబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హెచ్‌1బీ మీద ఈమధ్యే డాలస్ వచ్చాను. ఆఫీసులో బెనిఫిట్స్ ఎంచుకోవడానికి ఈ శుక్రవారమే ఆఖరు. హెల్త్, డెంటల్ అర్థమయ్యాయి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ డిజెబిలిటీ (పని చేయలేనప్పుడు జీతంలో కొంత ఇచ్చే బీమా) దగ్గర ఆగిపోయాను. నాకింకా ముప్ఫై రాలేదు, ఏ జబ్బూ లేదు. జీతంలో ఇంకో కోత ఎందుకని వదిలేద్దామనుకుంటున్నా. ముందొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, వదిలేయకు. జబ్బు లేనప్పుడే ఇది తేలిగ్గా దొరుకుతుంది. చాలా కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఆరోగ్యం గురించి ఏమీ అడక్కుండానే ఇస్తారు. గడువు దాటాక కావాలంటే మెడికల్ ప్రశ్నలన్నిటికీ జవాబు రాయాలి, అప్పుడు కాదన్నా అనొచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లు చూసుకుంటుంది. అద్దె, కారు వాయిదా, ఇంటికి పంపే డబ్బు జీతం మీదే నడవాలి కదా. క్యాన్సర్ చికిత్సో, వెన్నుపూస ఆపరేషనో వచ్చి నెలల తరబడి పని చేయలేకపోతే ఆ జీతంలో కొంత భాగం ఇచ్చేది ఇదే. పక్కనే ఏడీ అండ్ డీ అని ఉంటుంది, అదీ ఇదీ ఒకటి కాదు. అది ప్రమాదంలో ప్రాణమో, కాలో చెయ్యో పోతేనే.

షార్ట్ టర్మ్ మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఇస్తుంది. లాంగ్ టర్మ్ 90 లేదా 180 రోజుల తర్వాత మొదలై ఏళ్ల తరబడి వస్తుంది. రెంటిలో ఒకటే తీసుకుంటానంటే లాంగ్ టర్మ్ తీసుకో. మూడు నెలలైతే దాచుకున్న డబ్బుతో ఎలాగోలా గడుస్తుంది, మూడేళ్లు గడవదు.

ప్రీమియం ప్రీ టాక్సా (పన్ను కోయకముందు జీతంలోంచి), పోస్ట్ టాక్సా (పన్ను కోశాక) అని అడిగితే పోస్ట్ టాక్స్ పెట్టు. నెల జీతం 9,000 డాలర్లు, పాలసీ అందులో 60 శాతం ఇస్తుంది అనుకో, అంటే 5,400. ప్రీమియం కంపెనీ కట్టినా, నువ్వు ప్రీ టాక్స్‌లో కట్టినా ఆ 5,400 మీద ఇన్‌కమ్ టాక్స్ పడుతుంది. పన్ను పోయాక మిగిలిన జీతంలోంచి నువ్వే కడితే మొత్తం చేతికొస్తుంది. బోనస్, స్టాక్ చాలాచోట్ల లెక్కలోకి రావు, అది కూడా చూసుకో.

పాలసీ కాగితంలో తప్పకుండా చదవాల్సింది డిజెబిలిటీ అంటే ఏమిటని రాశారో ఆ పేరా. చాలా గ్రూప్ పాలసీల్లో మొదటి 24 నెలలు నీ సొంత వృత్తి చేయలేకపోతే చాలు. ఆ తర్వాత నీ చదువుకు, అనుభవానికి తగిన ఏ పనీ చేయలేవని తేలాలి. డిప్రెషన్ లాంటి మానసిక జబ్బులకు మొత్తం 24 నెలలే ఇచ్చేవీ ఎక్కువే. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ ముందే తెలిసుండాలి.

మరో జవాబు:
అన్నయ్య చెప్పినదానికి నాదొక మాట. గవర్నమెంటు ఇస్తుందిలే అని ధీమాగా ఉండకు బాబూ. సోషల్ సెక్యూరిటీకి (పింఛను, డిజెబిలిటీ డబ్బు ఇచ్చే ప్రభుత్వ పథకం) జీతంలో 6.2 శాతం కోస్తారు గానీ, డిజెబిలిటీ డబ్బు రావాలంటే ఇక్కడ కొన్నేళ్లు పనిచేసి క్రెడిట్లు కూడబెట్టాలి. కనీసం ఏడాదిపాటు పని చేయలేని పరిస్థితి ఉండాలి, పైగా పూర్తిగా ఐదు నెలలు ఆగాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలో కొన్నాళ్లపాటు డబ్బిచ్చే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. మీ టెక్సస్‌లో అదీ లేదు.

వీసా సంగతి వేరే. పాలసీ డబ్బు వస్తున్నంత మాత్రాన హెచ్‌1బీ నిలవదు. ఉద్యోగం తీసేస్తే, ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో మామూలు 60 రోజుల గడువే. ఎఫ్ఎంఎల్ఏ అనే సెలవు చట్టం కింద 12 వారాలు ఉద్యోగం కాపాడుకోవచ్చు, కానీ అది జీతం లేని సెలవు, చేరి ఏడాది అయితే గానీ వర్తించదు. ఉద్యోగం పోతే ఇండియా వెళ్లిపోవాల్సి రావచ్చు. అమెరికా బయట ఉంటే కొన్నాళ్లకు డబ్బు ఆపేసే పాలసీలు ఉన్నాయి. "ఇండియాలో ఉండి చికిత్స తీసుకుంటే డబ్బు ఎన్నాళ్లు ఇస్తారు?" అని శుక్రవారం లోపే హెచ్ఆర్‌కి ఈమెయిల్ పెట్టు. ఫోన్‌లో చెప్పించుకోకు, రాతలో తీసుకో.