తాతగారి సిగరెట్ పెట్టెలో జపాన్ కరపత్రం: పటం కట్టించాలా, ఉన్నచోటే ఉంచాలా?

ప్రశ్న అడిగినవారు:
మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వంతెనలు, దారులు వేసే మద్రాస్ శాపర్స్ దళంలో చేరి, 1944లో ఇంఫాల్ వైపు పనిచేశారు. అక్కడ కూలిన విమానపు రేకుతో ఆయనే చేశారని ఇంట్లో చెప్పుకునే సిగరెట్ పెట్టె ఒకటి మా దగ్గర ఉంది. మూతకు బిగించిన పర్‌స్పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) ముక్క కింద నాయనమ్మ ఫొటో ఉంటుంది. మొన్న ఒక రివిట్ ఊడి ఫొటో పక్కకు జారితే, వెనక నాలుగు మడతల కాగితం కనిపించింది. వెనక కుర్చీలో దొర సీసా ఎత్తుతుంటే ముందు మన సిపాయిలు కూలిపోతున్న బొమ్మ, దాని కింద రోమన్ లిపిలో హిందుస్తానీ. తాతగారు లోలోపల నేతాజీ మనిషే కాబట్టి దీన్ని పటం కట్టిద్దామని అన్నయ్య అంటున్నాడు. సర్కారు పింఛను తిన్న మనిషికి ఇది మచ్చ, చించెయ్యమని పెదనాన్న పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

మొదటి జవాబు:
చించే మాట ఎత్తనే వద్దు. పటం కట్టించడాన్ని కూడా నేను ఒప్పుకోను, ఎందుకంటే అలాంటి కరపత్రాలు మ్యూజియాల్లో ఉన్నాయి కానీ, ఒక శాపర్ తన భార్య ఫొటో వెనక పెట్టిన కరపత్రం మీ దగ్గర మాత్రమే ఉంది. అది దొరికిన చోటే దాని విలువ. యుద్ధంలో మిగిలిన లోహంతో చేసిన, సేకర్తలు ట్రెంచ్ ఆర్ట్ అని పిలిచే ఇలాంటి వస్తువుల విషయంలో ఇంటి కథను వెంటనే నమ్మకూడదు. మొదటి యుద్ధం ముగిశాక బెల్జియం, ఫ్రాన్స్‌లలో రణక్షేత్రాలు చూడవచ్చినవారికి ఊరివాళ్లే ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులతో పూలకుండీలు చేసి అమ్మారు. శాపర్ల చేతిలో పనిముట్లు ఉంటాయి కాబట్టి మీ తాతగారే చేసి ఉండవచ్చు. అయినా పెట్టె చేసిన చెయ్యి, కాగితం పెట్టిన చెయ్యి ఒకటే కానక్కరలేదు. పర్‌స్పెక్స్‌కూ రేకుకూ మధ్య సందు ఉంటే ఫొటో కదులుతుంది. అది కదలకుండా ఏదో ఒక కాగితం కుక్కాలి. తాతగారి మనసులో ఏముందో ఆ కాగితం ఒక్కటే చెప్పలేదు. ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి. యుద్ధకాలపు నాసిరకం కాగితంలోని ఆమ్లం ఫొటోకు మరకలు పెడుతుంది కాబట్టి, రెంటి మధ్య ఆమ్లరహిత కాగితం వేసి మళ్లీ అక్కడే పెట్టండి.

రెండో జవాబు:
భద్రపరిచే పద్ధతి వరకు అంగీకరిస్తాను. కానీ ఏదో ఒక కాగితం అని తేల్చెయ్యడం నాకు మింగుడుపడలేదు. 1944 మార్చి నుంచి జులై దాకా ఇంఫాల్ కోసం పోరాడిన జపాన్ సేనల వెంట నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. ఆ ఫౌజును బ్రిటిష్ సైన్యం ‘జిఫ్’లని, అంటే జపాన్ పంచమాంగ దళమని (శత్రువుకు లోలోపల సాయపడే ద్రోహులని) వెక్కిరించింది, తన సిపాయిలు అటు తిరగకుండా ‘జోష్’ పేరుతో ఎదురు ప్రచారం నడిపింది. అలాంటి చోట ఇలాంటి కాగితం దగ్గర ఉంటే అధికారి కంట పడుతుందేమోనన్న బెరుకు ఉండదా? సందు పూడ్చడానికి సిగరెట్ అట్ట చాలదా? పైగా ఆ కాగితాన్ని అప్పుడే పెట్టారని ఎవరు చెప్పగలరు? 1945 నవంబరులో ఎర్రకోటలో ఫౌజు అధికారుల విచారణ మొదలయ్యాక దేశమంతా వారి పక్షాన నిలిచింది. బూట్లో మడిచి తెచ్చిన కాగితం ఆ రోజుల్లో ఫొటో వెనక్కి చేరి ఉండవచ్చు. రివిట్లు అన్నీ ఒకే రకంగా ఉన్నాయా, ఒకటి రెండు తర్వాత మార్చినవా చూడండి. కాగితాన్ని ఫొటో కొలతకు కత్తిరించారా, మడిచారా? బొమ్మ మీదుగా కత్తెర పోతే మొదటి జవాబు మాటే నిజం. బొమ్మకు దెబ్బ తగలకుండా మడిచి ఉంటే నా మాట వినండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రివిట్లు నాలుగు, ఊడినదాని తల మిగతా మూటికన్నా చిన్నది. కాగితానికి రెండు అంచులు కత్తెరతో కోసి ఉన్నాయి, అక్కడ హిందుస్తానీ మాటలు సగానికి తెగాయి. బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు, లోపలి మడతలో ఉంది. తెల్లగా ఉన్న వెనక వైపు పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఇప్పటిదాకా మరక అనుకున్నాము. భూతద్దం పెడితే తెలుగు అక్షరాలు: ‘మనియార్డరు 15’. దాని కింద ఒక గీత, ఆ తర్వాత ఏమీ లేదు. పెదనాన్నకు చూపించాను, చించే మాట మళ్లీ ఎత్తలేదు.