ఆఫీసు టైము మీద లైవ్ పోల్: ఏ యాప్, ఎలా నడపాలి?

బెంజిసర్కిల్_అకౌంట్స్:
విజయవాడలో 15 మంది ఆఫీసు మాది. ఆరుగురు గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళు. ఏప్రిల్, మే నెలలకి టైము మార్చాలని అనుకుంటున్నారు. ఉదయం 7 నుంచి 3, లేదా 8 నుంచి 4, లేదంటే ఇప్పుడున్న 9:30 నుంచి 5:30. మేనేజర్ గారు వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టేయమంటున్నారు. ఆయన ఓటు ఎటు పడితే సగం మంది అటే వేస్తారు. దానికి బదులు సోమవారం మీటింగ్‌లో అక్కడికక్కడే పోల్ పెట్టి, తేలిందానికి అందరూ కట్టుబడేలా చేయాలి. ఏ యాప్ మంచిది? ఇంకేం చూసుకోవాలి?

అరండల్‌పేట_హెచ్‌ఆర్:
ఇలాంటి విషయానికి వాట్సాప్ పోల్ వద్దండి. గ్రూపులో ఎవరు దేనికి వేశారో పేర్లతో సహా కనిపిస్తుంది, లెక్క ఎప్పటికప్పుడు కళ్ళముందే మారుతుంది, వేసిన ఓటు మార్చుకోనూ వచ్చు. పైగా ఒక్కరు ఎన్నిటికైనా టిక్ పెట్టే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది, పోల్ పెట్టినవాళ్ళు అది చూసుకోరు. మధ్యాహ్నం బిర్యానీ ఎక్కడ్నుంచి తెప్పించాలో తేల్చడానికైతే భేషుగ్గా ఉంటుంది.

టెలిగ్రామ్‌లో పేర్లు దాచొచ్చు గానీ ఇంకో చిక్కుంది. మామూలు పోల్‌లో ఓటు వేయగానే అప్పటిదాకా ఎవరికెన్ని పడ్డాయో కనిపిస్తుంది. అది చూసి, ఓటు వెనక్కి తీసుకుని, మళ్ళీ వేయొచ్చు. చివర వేసేవాడికి అది వరం.

మీటింగ్‌లో అయితే లైవ్ పోల్స్ కోసమే ఉన్న మెంటీమీటర్ గానీ స్లైడో గానీ వాడండి. స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ చూపిస్తే ఫోన్లలో తెరుచుకుంటుంది, లాగిన్ అక్కర్లేదు. ఫలితం దాచే సెట్టింగ్ ఉంటుంది, ఓటింగ్ మొదలవకముందే ఆన్ చేయండి. ముందు తలలు లెక్కపెట్టండి. 15 మంది ఉంటే 15 ఓట్లు పడ్డాకే ఫలితం తెరవాలి. 16 పడితే ఎవరో బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి రెండోసారి వేశారన్నమాట. ఎవరని ఆరా తీయకుండా రద్దు చేసి మళ్ళీ పెట్టండి. గడువు రెండు నిమిషాలు చాలు. బయట్నుంచి ఫోన్‌లో మీటింగ్‌కి జాయినయ్యేవాళ్ళు ఉంటే మూడు ఇవ్వండి, వాళ్ళ నెట్ నెమ్మదిగా ఉంటుంది. అసలు పోల్‌కి ముందు ‘టీయా, కాఫీయా’ అని ఒక ఉత్తుత్తి పోల్ పెడితే ఎవరి ఫోన్‌లో తెరుచుకోవట్లేదో అప్పుడే బయటపడుతుంది.

గూగుల్ ఫామ్ మీటింగ్‌కి రాలేనివాళ్ళకి పనికొస్తుంది. ‘ఒకరికి ఒక్కటే జవాబు’ పెడితే లాగిన్ అడుగుతుంది. లాగిన్ అంటే పేరు తెలిసిపోతుందని భయపడతారు. ఈమెయిల్ సేకరణ ఆఫ్ చేస్తే మెయిల్ ఐడీ రాదని ముందే చెప్పండి. అయితే ప్రతి జవాబు పక్కనా అది వచ్చిన టైము నమోదవుతుంది. మీరు ఒకరికి గుర్తు చేసిన రెండు నిమిషాలకి ఒక జవాబు వస్తే అదెవరిదో వేరే చెప్పాలా? అందుకని గడువు ముగిసేదాకా జవాబుల షీట్ తెరవకండి, గుర్తు చేస్తే అందరికీ కలిపి చేయండి.

లెక్కలపిచ్చి:
యాప్ సంగతి సరే, అసలు తిరకాసు మీ మూడు ఆప్షన్లలోనే ఉంది. ఒక్కొక్కరికి ఒక్క ఓటే అంటే ఇలా పడొచ్చు: 7 గంటలకి 4, 8 గంటలకి 5, 9:30కి 6. ఎక్కువ ఓట్లు 9:30కే కాబట్టి అది గెలుస్తుంది. కానీ పొద్దున్నే రావడానికి ఇష్టపడ్డవాళ్ళు 9 మంది! ఒకే రకం ఆప్షన్లు రెండు పెడితే వాటి ఓట్లు చీలిపోతాయి.

దీనికి మందు, నచ్చినవాటన్నిటికీ టిక్ పెట్టనివ్వడం. పై లెక్కలో 7 కోరిన నలుగురూ 8కి కూడా సరే అంటారు, 9:30 వాళ్ళలో ఇద్దరు 8కి సరే అంటారు అనుకోండి. 8 గంటలకి 11 టిక్కులు వస్తాయి. మనుషులు వాళ్ళే, ఇష్టాలు అవే, ఫలితం వేరు. ‘మీకు నప్పే ప్రతిదానికీ టిక్ పెట్టండి, ఒక్కటైనా మూడైనా’ అని స్క్రీన్ మీదే రాయండి, లేకపోతే సగం మంది అలవాటుకొద్దీ ఒక్కటే నొక్కుతారు.

1, 2, 3 ర్యాంకులు అడగొచ్చుగా అంటారు. అడగొచ్చు, కానీ అందులో ఒక్కోసారి ముడి పడుతుంది: జతలుగా పోలిస్తే మొదటిది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద, మూడోది మళ్ళీ మొదటిదాని మీద గెలుస్తుంది. ఫ్రెంచ్ గణితవేత్త కాండొర్సే 1785లోనే చూపించాడు. 15 మంది మీటింగ్‌లో అది విడమర్చి చెప్పేసరికి లంచ్ టైమవుతుంది.

మంగళగిరి_ప్యాసింజర్:
టిక్కుల పద్ధతి బాగుంది గానీ అందులో లేని మాట ఒకటుంది. టిక్ పెట్టలేదంటే ‘అంత ఇష్టం లేదు’ అనా, ‘అసలు రాలేను’ అనా? తెనాలి నుంచి 7 గంటలకి ఆఫీసులో ఉండాలంటే 5:30కల్లా ఇంట్లోంచి కదలాలి. ఊళ్ళోనే పటమట నుంచి వచ్చేవాళ్ళకి అదో అరగంట నిద్ర, అంతే. రెండూ ఒకే ఓటుగా లెక్కేస్తే ఊళ్ళో ఉన్న తొమ్మిది మందీ ప్రతిసారీ గెలుస్తారు, బయట్నుంచి వచ్చే ఆరుగురూ ప్రతిసారీ ఓడిపోతారు. నాలుగోసారికి వాళ్ళు ఓటు వేయడమే మానేస్తారు.

ప్రతి ఆప్షన్ కింద మూడు జవాబులు పెట్టండి: బాగుంది, సర్దుకుంటాను, కుదరదు. ముందు ‘కుదరదు’లు తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. అవి సమానమైతే ‘బాగుంది’లు లెక్కపెట్టండి.

బెంజిసర్కిల్_అకౌంట్స్:
మూడు జవాబుల పద్ధతి నచ్చిందండి. కానీ ఎవరో ఒకరు కావాలనే ‘కుదరదు’ కొట్టి అన్నిటినీ ఆపేస్తే?

మంగళగిరి_ప్యాసింజర్:
ఒక్క ‘కుదరదు’కి ఏదీ ఆగదు, అది లెక్కలోకి వస్తుందంతే. నిజమైన ఇబ్బందులు పోల్‌కి రెండ్రోజుల ముందే తెలుసుకోండి. మేనేజర్ కాని ఒకరు విడివిడిగా అడిగి, పేర్లు లేకుండా జాబితా తయారు చేయాలి: మొదటి రైలు ఎన్నింటికి చేరుతుంది, ఎవరింట్లో స్కూలు పిల్లలున్నారు, బ్యాంకు పని ఎన్నింటికి మొదలవుతుంది. అది చూశాక 7 గంటల ఆప్షన్ అసలు నిలబడకపోవచ్చు. అప్పుడు పోల్‌లో పెట్టకండి. ఒకరిద్దరికే చిక్కయితే వాళ్ళకి ఒక గంట వెసులుబాటు ఇస్తామని పోల్‌కి ముందే చెప్పేయండి.

అరండల్‌పేట_హెచ్‌ఆర్:
దానికి తోడు ఓటింగ్‌కి ముందే రాసి చూపించాల్సినవి కొన్నున్నాయి. కనీసం ఎంతమంది వేయాలి (15లో 12 అనుకోండి). ‘బాగుంది’లు కూడా సమానంగా వస్తే ఏం చేయాలి (ఆ రెండిటి మధ్య మళ్ళీ ఒకసారి, అప్పటికీ తేలకపోతే చీటీ తీయడం). ఎన్నాళ్ళు అమలు, మళ్ళీ ఏ తేదీన చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఫలితమే నిర్ణయమా, మేనేజర్ గారికి సలహా మాత్రమేనా. సలహా అయితే సలహా అనే చెప్పండి. ఆయన ముందే ఒకటి అనుకుని పోల్ పెట్టడమంటే వడ్డించాక ఉప్పు ఎంత వేయమంటారని అడిగినట్టు ఉంటుంది. ఆయన ఓటు వేయకపోతే మంచిది, వేసినా అందరితోపాటే వేయాలి, చర్చలో మాత్రం చివర మాట్లాడాలి.

ప్రశ్న రాసేది కూడా ఆయన కాకుండా చూడండి. ‘ఎండ ముదరకముందే ఆఫీసుకి చేరేలా 8 నుంచి 4 మీకు నచ్చుతుందా’ అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. ఉత్త టైములు రాస్తే చాలు.

ఒక హెచ్చరిక: జీతాలు, ఒకరి సెలవు, ఆడవాళ్ళ రాత్రి షిఫ్టు లాంటివాటికి పోల్ పెట్టకూడదు. రాత్రి పనికి ఒప్పుకోవడం ఆ మనిషి సొంత మాట, పద్నాలుగు మంది టిక్ పెట్టినా ఆమె తరఫున ఒప్పుకున్నట్టు కాదు.

లెక్కలపిచ్చి:
సోమవారం నెట్ పోతే కంగారు పడకండి. ఒకే సైజు చీటీలు 15, అన్నిటికీ ఒకే రంగు పెన్ను. ఒక్కో చీటీ మీద మూడు టైములూ ముందే ప్రింట్ చేసి ఉంచండి, పక్కన టిక్ (బాగుంది), గీత (సర్దుకుంటాను), ఇంటూ (కుదరదు) పెట్టడమే. చేతిరాత గుర్తుపట్టే అవకాశం ఉండదు. ఇద్దరు కలిసి లెక్కపెట్టి బోర్డు మీద రాశాక చీటీలు చించేయండి.