ఎక్స్‌పార్టీ డిక్రీని "ఏకపక్ష తీర్పు" అనవచ్చా?

అనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏకపక్షం అనగానే జడ్జి ఒకవైపు మొగ్గాడనే అర్థం తోస్తుంది. ఎక్స్‌పార్టీలో ఆ నింద లేదు. సమన్లు అందినా ప్రతివాది రాలేదు, వాది సాక్ష్యం చూసి కోర్టు తేల్చేసింది, అంతే. కోర్టు ఆవరణలో ప్లీడర్లూ గుమస్తాలూ "ఎక్స్‌పార్టీ అయ్యాడు" అనే అంటారు. పత్రికలకు "గైర్హాజరీ డిక్రీ" సరిపోతుంది.

అయితే ప్రతివాది రాకపోవడం వేరు, అతణ్ణి రమ్మనే అధికారమే ఆ కోర్టుకు లేకపోవడం వేరు. ఈ రెండో సంగతి "గైర్హాజరీ"లోనూ ఇమడదు.

గురుదయాళ్ సింగ్ కేసు చూడండి. ఫరీద్‌కోట్ సంస్థానంలో కోశాధికారిగా చేసి, కొలువు మాని, జింద్ అనే వేరే సంస్థానంలో ఉంటున్నాడు. అప్పుడు రాజు తన సంస్థానం కోర్టులోనే అతనిమీద డబ్బు దావాలు వేసి రెండు డిక్రీలు పొందాడు, మొత్తం 76 వేల రూపాయల పైచిలుకు. వాటిని పట్టుకుని లాహోర్‌లో బ్రిటిష్ కోర్టుకెక్కాడు. వ్యవహారం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు దాకా పోయింది. ఫరీద్‌కోట్ తాఖీదులు జింద్‌లో అతనికి అందాయి, అతను ఖాతరు చేయలేదు. అయినా 1894లో ఆ డిక్రీలు చెల్లవన్నారు. దావా నాటికి అతను ఆ రాజ్యంలో లేడు, ఆ కోర్టుకు లోబడనూ లేదు. తాఖీదు చేరినంత మాత్రాన అధికారం పుట్టదు. అవతల ఉన్నది సాక్షాత్తూ రాజైనా సరే! ఆ తీర్పంటే నాకు గౌరవం అందుకే.

మన వాళ్లకు ఇది పాత కథ కాదు. 2020 జనవరిలో కేంద్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద, ఎవరి డిక్రీలను ఇక్కడ అమలు చేయవచ్చో ఆ దేశాల్లో యూఏఈని చేర్చింది. నోటిఫికేషన్‌లో పేర్కొన్న అక్కడి కోర్టుల డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. దుబాయ్‌లో బ్యాంకు లోను మిగిల్చి జగిత్యాలకో నిజామాబాద్‌కో వచ్చేసినవాళ్లకు టెన్షనే. కానీ విదేశీ తీర్పుల మీద అదే కోడ్ సెక్షన్ 13 ఇచ్చే అభ్యంతరాలు అప్పుడూ ఉంటాయి: ఆ కోర్టుకు అధికార పరిధి ఉందా, కేసు బాగోగులు విచారించిందా, చెప్పుకునే అవకాశం ఇచ్చిందా? లోను కాగితాల్లో అక్కడి కోర్టుల పరిధికి ఒప్పుకుంటూ సంతకం చేసి ఉంటే మాత్రం పరిధి వాదన నిలవడం కష్టం.

అందుకే ఇలాంటి వార్తల్లో "ఏకపక్ష తీర్పు" అని రాసి వదిలేయకండి. సమన్లు అందాయా, దావా నాటికి మనిషి ఎక్కడున్నాడు, ఈ రెండూ రాయండి.