అప్‌డేట్: శిబిరం పిల్లలకు బైనాక్యులర్‌లో ఒక పిట్ట రెండుగా కనిపించిన సంగతి తేలింది

వేసవి శిబిరంలో పక్షుల వారం మొదలయ్యాక, అమీన్‌పూర్ చెరువు దగ్గర ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు 8×42 (8 రెట్లు పెద్దగా చూపే, ముందు లెన్సు 42 మి.మీ. వెడల్పు ఉండే) బైనాక్యులర్లలో నల్లటి నీడలు వస్తున్నాయని, కొందరికి బొమ్మ రెండుగా ఉందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు కారణం కళ్ల మధ్య దూరం. ఆ బైనాక్యులర్లను పూర్తిగా మడిచినా కళ్లు పెట్టే రెండు గొట్టాల నడిబిందువుల మధ్య దూరం 56 మి.మీ. కంటే తగ్గదు. ఆ వయసు పిల్లల్లో చాలామందికి కనుపాపల మధ్య దూరం అంతకంటే తక్కువే. ఇంకా దగ్గరగా మడతపడే చిన్న 8×21 రకం ఇవ్వగానే లోపల విడివిడిగా కనిపించే రెండు వలయాలూ ఒకటైపోయాయి. అవి చాలకపోతే పెద్దదాన్నే ఒక కన్నుతో చూడమన్నాం, లకుముకి పిట్టకి అదీ సరిపోయింది. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఐకప్పులు (కంటికి ఆనే చోట ఉండే కప్పులు) పూర్తిగా కిందికి తిప్పాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఒక బైనాక్యులర్ మాత్రం పెద్దవాళ్లకీ రెండుగానే చూపించింది. రిపేరు షాపులో విప్పితే లోపలి ప్రిజం (వెలుగును మళ్లించే గాజు దిమ్మ) పక్కకు జరిగి ఉంది, కిందపడి ఉంటుందన్నారు. ఇంట్లోనే తెలుసుకోవచ్చు: కళ్లకు 10 సెం.మీ. దూరంలో పట్టుకుని దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. రెండు గొట్టాల్లో తీగ ఒకే ఎత్తులో లేకపోతే ప్రిజం కదిలినట్టే.

లెన్సు తుడవడం, డయాప్టర్ (ఒక కంటికి విడిగా ఫోకస్ సరిచేసే రింగు) తిప్పడం ఈ సమస్యకి పనికిరాలేదు. 12× కొనమన్న సలహా అసలే వద్దు, పిల్లల చేతుల్లో బొమ్మ ఇంకా ఎక్కువ వణుకుతుంది.